జానెడక్షరం

ఆటోనగర్ మూడో క్రాస్‌లో
లారీల వీపుల మీద ముప్పయ్యేళ్లుగా రాస్తున్నాను.
జానెడక్షరం నాది.
వారధి మీద వెనకొచ్చే బస్సువాడు
కునికిపాట్లు పడుతూ కూడా చదవగలడు.
అంతకన్నా చిన్నవి నేను రాయలేదు, చదవనూ లేదు.

కంప్రెసర్‌కి అప్పు కావాలంటే
గవర్నర్‌పేట బ్రాంచిలో కుర్రాడు
టీ తెప్పించి మరీ కూర్చోబెట్టాడు.
పెన్సిల్‌తో ఇంటూ మార్కులు పెట్టుకుంటూ పోయాడు,
వాటి పక్కన నేను
నాగుల్‌మీరా, నాగుల్‌మీరా, నాగుల్‌మీరా,
పదిహేడు చోట్ల.
ఒక్కచోట మాత్రం ఆగి, ఇదేంటి బాబూ అన్నాను.
"మామూలే బాబాయ్."

మామూలంటే మా ఆటోనగర్‌లో వేరే అర్థం ఉంది,
నెలకోసారి బండి మీదొచ్చి పట్టుకుపోతారు.
ఆ పూట గుర్తు రాలేదు.

రెండు లక్షలన్నారు,
పడింది లక్షా ఎనభై ఎనిమిది వేల మూడొందల అరవై.
తరుగనుకున్నాను.
డబ్బా అడుగున గడ్డకట్టే రంగులా
అప్పుకీ ఉంటుందేమో తరుగు.

రెండేళ్లకి నిచ్చెన జారింది.
కుడి మణికట్టు.
మూడు వాయిదాలు తప్పాక
ఫోన్లో ఓ అమ్మాయి దులిపేస్తూ దులిపేస్తూ
నోరు జారింది:
"మీకు ఇన్సూరెన్స్ ఉంది కదండీ?"

నాకా?

స్పేర్ పార్టుల కొట్లో పద్దులు రాసి రిటైరైన
పేరిశెట్టిగారి దగ్గరకి కాగితాలు మోసుకెళ్లాను.
బేరింగుల నంబర్లు చూసే భూతద్దం ఆయనది.
"ఉద్యోగం పోతే వాయిదాలు వాళ్లు కడతారట, మీరా."
"నాకు ఉద్యోగమెక్కడిదండీ?"
"అందుకే కట్టరు. జీతగాళ్లకే అని పన్నెండో పేజీలో ఉంది.
ప్రీమియం మాత్రం నీ అప్పులోంచే కోశారు, పదకొండు వేల ఆరొందల నలభై."
నచ్చకపోతే పదిహేను రోజుల్లో వెనక్కివ్వొచ్చనీ ఉందట.
ఆ సంగతి ఈమెయిల్‌కి పంపారట.
నా పేరుతో ఆ ఈమెయిల్‌ని ఎవరు పుట్టించారో,
దాని తాళం ఏ జేబులో ఉందో.

కాలవే లేని ఊళ్లో వాడికి పడవ అమ్మారు.
పడవ ఖరీదుకి వడ్డీ కూడా
నెలనెలా నేనే కడుతున్నాను.

అర్జీ నేనే రాశాను.
చెయ్యింకా వణుకుతోంది, అక్షరం సాగిపోయింది,
వాక్యానికో పేజీ పట్టింది.
నేను అడగలేదు.
మీరు చెప్పలేదు.
నాకు పనికిరాదు.
నా డబ్బు నాకివ్వండి.
పేరిశెట్టిగారు ఇంగ్లీషులోకి దించి
నా నాలుగు పేజీలూ వెనక పిన్ను కొట్టాడు,
అది చూస్తేగానీ ఇది అర్థం కాదని.

బ్యాంకువాళ్లు కంపెనీని అడగమన్నారు,
కంపెనీవాళ్లు బ్యాంకుని.
రిజిస్టర్డ్ పోస్టు రసీదులన్నీ మా ఆవిడ పోపులపెట్టెలో దాచింది.
అందుకే ఆ రసీదులకి ఇప్పటికీ జీలకర్ర వాసన.
అంబుడ్స్‌మన్ అనే మాట
పలకడం రాకముందే కవరు మీద రాయడం వచ్చింది.
ఆ కవరు వెళ్లిన మూడో వారం
బ్రాంచి నుంచి ఫోను. అండీ అన్నారు, రండి అన్నారు.

కుర్రాడు మారాడు.
ఈ కుర్రాడూ టీ తెప్పించాడు.
"పదకొండు వేల ఆరొందల నలభై అంకుల్, సాయంత్రానికి పడిపోతుంది."
కాగితం నా వైపు తోశాడు.
అడుగున పెన్సిల్ ఇంటూ మార్కు.
"ఇందులో ఏముంది?"
"ఏముంటుంది అంకుల్, మామూలే."

జేబులోంచి భూతద్దం తీశాను.
అద్దం కింద ఒక్కో అక్షరం
నా అక్షరమంత లావైంది.
వేలు పెట్టి చదువుతున్నాను,
రంగు ఆరని బోర్డు మీద నడిచినట్టు.
టీ మీద మీగడ కట్టింది.
గోడ మీద టోకెన్ నలభై ఒకటి, నలభై రెండు, నలభై ఏడు.
వెనక ఎవరో దగ్గారు.
మూడో పేరాలో, "వడ్డీతో సహా ఇకపై ఏమీ కోరనని"...

అక్కడ వేలు ఆగింది.
కుర్రాడు పెన్ను మూత తీసి పట్టుకునున్నాడు.

ఇంకా రెండు పేజీలున్నాయి బాబూ,
నువ్వు టీ తాగు.